ఇల్లంతా నడిచి కొలిచే మిషన్: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల పాత ఇళ్ల ప్లాన్ల గురించి రాస్తూ చివర్లో చేత్తో పట్టుకునే లేజర్ స్కానర్ సంగతి రెండు ముక్కలు అన్నాను. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైన దాని గురించే. వాస్తు గురించి, సిమెంటు గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఆగాలి, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారు 1962లో కట్టించిన డాబా ఇల్లు ఉంది. కింద అయిదు గదులు, పైన రెండు. నాన్నగారు పోయాక మేం ముగ్గురన్నదమ్ములం పంచుకుందామనుకున్నాం. ప్లాను కాగితం ఎక్కడా దొరకలేదు. ఇక్కడి డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన టేపుతో కొలిచి గీసిస్తానని 7 వేలు అడిగాడు. విజయవాడ నుంచి వచ్చిన ఒక కుర్రాడు, చేతిలో మిషన్ పట్టుకుని అరగంట తిరిగితే చాలు, మిల్లీమీటరు కూడా తేడా రాదని 20 వేలు అన్నాడు. మా తమ్ముడికి మిషన్ మీద గురి, మా అన్నయ్యకి టేపు మీద గురి. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: మధ్యవాడి బతుకెప్పుడూ అంతేనండీ, మా ఇంట్లోనూ నేనే మధ్యవాణ్ణి. ముందు ఆ కుర్రాడి మాటలో ఏది నిజం, ఏది కాదో చూద్దాం. అరగంట తిరిగితే చాలు అన్నది నిజం. మిల్లీమీటరు తేడా రాదన్నది మాత్రం అబద్ధం, లేకపోతే అతనికే తెలియదు. చేతి స్కానర్లలో చాలావాటికి తయారుచేసినవాళ్లే చెప్పుకునే లెక్క 1 నుంచి 3 సెంటీమీటర్లు. మిల్లీమీటర్ల లెక్క కావాలంటే మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి తీసే స్కానర్ వేరే ఉంది, దాన్ని ప్రతి గదిలో దింపి, తిప్పి, మళ్లీ ఎత్తుకెళ్లాలి, ఖర్చూ ఎక్కువే.

ఇది ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే మీ అన్నయ్యకి మీరే చెప్పుకోవచ్చు. మిషన్ తల గిర్రున తిరుగుతూ నాలుగు వైపులా లేజరు కిరణాలు వదులుతుంది. అవి గోడకి తగిలి వెనక్కి రావడానికి పట్టిన టైమును బట్టి దూరం లెక్కేస్తుంది. కాంతి సంగతి తెలుసుగా, ఒక నానోసెకను తేడా పడితే దూరంలో 15 సెంటీమీటర్లు తేడా వచ్చేస్తుంది, అంత చిన్న టైమును పట్టుకోవాలి. లైకా వాళ్ల బీఎల్‌కే2గో అని ఒకటుంది, బ్యాటరీతో కలిపి ముప్పావు కిలో బరువుంటుంది, 25 మీటర్ల లోపు గోడలను సెకనుకు 4,20,000 చుక్కలుగా పట్టేస్తుంది. ఆ చుక్కలన్నీ కలిస్తే కంప్యూటర్‌లో మీ ఇల్లు చుక్కల ముగ్గులా నిలబడుతుంది. దాన్నే పాయింట్ క్లౌడ్ అంటారు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు ఏంటంటే, గోడ ఎంత దూరంలో ఉందో మిషన్‌కి తెలుసు కానీ తను ఎక్కడుందో తెలియాలి కదా? ఇంట్లోకి జీపీఎస్ రాదు. కరెంటు పోయినప్పుడు మనం ఏం చేస్తాం? ఒక చెయ్యి గోడకి ఆనించి, ఇది బీరువా, ఇది గడప, ఇక నాలుగడుగులు వేస్తే వంటిల్లు అనుకుంటూ వెళ్తాం. ఇదీ అంతే. ఇందాక చూసిన గోడలకి ఇప్పుడు కనిపిస్తున్న గోడలను జతచేసుకుంటూ, లోపలున్న ఇంకో పరికరంతో తన ఊపును కూడా లెక్కేసుకుంటూ, ఇల్లు గీస్తూనే ఆ ఇంట్లో తన చోటును కూడా గీసుకుంటుంది. దీన్ని స్లామ్ అంటారు. ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్లు 2012 ప్రాంతంలో జెబెడీ అని ఒకటి బయటికి తెచ్చారు, అందులో లేజరు తలను ఒక స్ప్రింగు మీద పెట్టారు, మనిషి నడుస్తుంటే అది తలాడించే తంజావూరు బొమ్మలా ఊగుతూ కొలిచేది. ఇప్పటివాటిలో ఆ స్ప్రింగు పోయింది గానీ నడక మాత్రం పోలేదు.

చీకట్లో తడుముకునేటప్పుడు అడుగు అడుగుకీ రవ్వంత తప్పుతాం కదా, ఆ తప్పు పోగవుతుంది. మిషన్‌కీ అంతే, దాన్ని డ్రిఫ్ట్ అంటారు. దానికి మందు ఒకటే, ఎక్కడ బయల్దేరామో అక్కడికే తిరిగి రావడం. మీ వీధి గడప దగ్గర మొదలుపెట్టి, పెరట్లోకి పోయి, పక్క సందులోంచి చుట్టూ తిరిగి మళ్లీ వీధి గడప దగ్గరికే వస్తే, ఓహో ఇది నేను చూసిన గడపే అని గుర్తుపట్టి, పోగైన తప్పును దారి పొడవునా సర్దేసుకుంటుంది. వచ్చిన కుర్రాడు నేరుగా లోపలికెళ్లి, మేడెక్కి, అక్కడే ఆపేస్తే మీ 20 వేలు నీళ్లలో పోసినట్టే.

మరి టేపు? టేపుది ఇంకో రోగం. డ్రాఫ్ట్స్‌మన్ గది పొడవు, వెడల్పు కొలిచి, మూలలన్నీ సరిగ్గా మూలమట్టానికి ఉన్నాయనుకుని డబ్బా గీసేస్తాడు. 1962 నాటి ఇంట్లో మూలమట్టానికి ఉన్న గది ఎన్నింట్లో ఒకటి? కర్ణం కూడా కొలిస్తే తెలుస్తుంది, కానీ 7 వేలకి ఏడు గదుల కర్ణాలు ఎవడు కొలుస్తాడు. గోడ మందం ఇంకా ఘోరం, లోపల కొలుస్తాడు, బయట కొలుస్తాడు, మధ్యలో మిగిలింది గోడలకి పంచేస్తాడు. కింద 14 అంగుళాల గోడ, దాని మీద మేడ గోడ 9 అంగుళాలు, ఈ రెండూ ఏ అంచుకి కలుస్తున్నాయో టేపుతో తేల్చాలంటే ఆయనకి తల ప్రాణం తోకకొస్తుంది. చుక్కల్లో అయితే అడ్డంగా కోసి చూస్తే చాలు, గోడ మందం కళ్లెదురుగా ఉంటుంది.

ఇక మీకు కావాల్సిన డబ్బు లెక్క. మీ ఇల్లు 10 మీటర్లకి 12 మీటర్లు అనుకుందాం. 12 మీటర్ల గోడ పొడవునా 3 సెంటీమీటర్లు తప్పితే 0.36 చదరపు మీటర్లు, అంటే అర గజం కన్నా కాస్త తక్కువ. గజం లక్ష అనుకున్నా 43 వేలు. మొత్తం ఇంటి మీద అది పెద్ద తప్పు కాదు, అన్నదమ్ముల మధ్య మాట పోయేంత తప్పు అసలు కాదు. నన్నడిగితే మీరు ముగ్గురూ కలిసి మిషన్‌కే ఖర్చు పెట్టండి, కానీ డ్రాఫ్ట్స్‌మన్‌ని కూడా ఒక పూట పిలిపించి, మీ అన్నయ్య ఎదురుగా ఒక ఆరు చోట్ల టేపు వేయించండి. ఇంటి మొత్తం పొడవు బయటి నుంచి ఒకటి, వసారా ఈ కొస నుంచి ఆ కొసకి ఒకటి, పెద్ద గదుల కర్ణాలు రెండు, మేడ మీద పిట్టగోడ రెండు వైపులా. ఆ ఆరూ ప్లాన్‌లో 2, 3 సెంటీమీటర్ల లోపు కలిస్తే సంతకాలు పెట్టేయండి. కలవకపోతే డబ్బు చేతిలో పెట్టకండి.

ఇంకో మాట. అతను మీకు ప్లాను పీడీఎఫ్ ఒక్కటే ఇచ్చి వెళ్లిపోతానంటాడు. పాయింట్ క్లౌడ్ ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇమ్మనండి, ఈ57 ఫార్మాట్ అనో లాస్ ఫార్మాట్ అనో అడిగితే అతనికి అర్థమవుతుంది. క్లౌడ్‌కంపేర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, రేపు ఎవరికి అనుమానం వచ్చినా తెరిచి కొలుచుకోవచ్చు. ఎందుకంటే స్కాన్ అరగంట, గీతకి రెండు రోజులు, ఆ రెండు రోజుల్లో గీసేవాడు వంకర గోడలను తన కంటికి ఇంపుగా ఉండాలని నిటారుగా చేసేస్తాడు, నేను చాలామందిని చూశాను. వంకర ఉంటే వంకరే గీయమని ముందే చెప్పండి.

ప్రశ్న: సార్, నేను సివిల్ ఫైనలియర్. ప్రాజెక్టు కోసం అద్దెకు తెచ్చిన చేతి స్కానర్‌తో మా కాలేజీ బ్లాకు స్కాన్ చేశాం. కారిడార్ గోడ ఒకటే అయినా ఫైల్లో రెండు గోడలుగా వస్తోంది, మధ్య ఒక బెత్తెడు ఖాళీ. పై అంతస్తులో ఇంకా ఎక్కువ. మిషన్ పాడైందా? (ఒక విద్యార్థి, విజయవాడ)

జవాబు: మిషన్ బాగానే ఉంది బాబూ, మీ నడకే బాగాలేదు. వెళ్లేటప్పుడు ఆ గోడను ఒకచోట చూసింది, వచ్చేటప్పుడు బెత్తెడు పక్కన చూసింది, రెండూ ఒకటేనని దానికి తట్టలేదు. పొడవాటి కారిడార్‌లో రెండు వైపులా నున్నటి గోడలు, ఒక్క కిటికీ లేదు, స్తంభం లేదు, అలాంటి చోట తను ముందుకు కదులుతున్నట్టే దానికి తెలియదు. అన్ని చుక్కలూ ఒకేలా ఉంటే పాపం ఏం చేస్తుంది. అలాంటి కారిడార్‌లో నేను నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్టీలు నిచ్చెన అక్కడక్కడా అడ్డదిడ్డంగా పెట్టిస్తాను. ప్లాను గీసేటప్పుడు వాటిని తుడిచేస్తే సరి.

సిగ్గు విడిచి నా కథ చెప్తాను. ఈ మిషన్ చేతికొచ్చిన కొత్తలో వన్‌టౌన్‌లో ఒక మూడంతస్తుల పాత షాపు బిల్డింగ్ ఒప్పుకున్నాను. సన్నటి మెట్లు, ఒక మనిషి దిగుతుంటే ఇంకొకరు గోడకి అతుక్కుని నిలబడాలి. మెట్లు ఎక్కాను, మూడు అంతస్తులూ తిరిగాను, దిగేటప్పుడు చేతికి నొప్పెట్టి మిషన్ ఆపేసి సంచిలో పెట్టేసుకున్నాను. ప్లాన్లు గీసి ఇచ్చాక ఓనరు మూడు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ వెలుగుకి ఎత్తి చూశాడు. ఆయన ఇంజినీరేమీ కాదు, బట్టల వ్యాపారి, అంచులు కలవకపోతే ఆ కళ్లకి ఇట్టే దొరుకుతుంది. "ఏవండీ, మీ లెక్క ప్రకారం మా మూడో అంతస్తు పక్కవాడి కొట్టు మీదికి నాలుగంగుళాలు పోయింది, వాడికి అద్దె కట్టాలా ఏం?" అన్నాడు. మళ్లీ వెళ్లి, ఎక్కిన మెట్లు దిగుతూ కూడా స్కాన్ చేసి, వీధిలోకి వచ్చి బిల్డింగ్ ముఖాన్ని కింది నుంచి పైకి చూపించి, బయల్దేరిన చోటే ఆపాను. సరిపోయింది. ఆ రెండో రోజు కూలి నా జేబులోంచే.

మీరు చేయాల్సింది అదే. ఒక్కో నడక 20, 25 నిమిషాలకు మించకుండా ముక్కలు చేసుకోండి, ముక్కకీ ముక్కకీ కొంత చోటు రెండింట్లోనూ పడాలి. తలుపులన్నీ ముందే తెరిచి పెట్టండి. గడప దాటేటప్పుడు విసురుగా దాటేయకుండా గడప మీద ఒక్క క్షణం పక్కకి తిరిగి నిలబడండి, ఈ గదీ ఆ గదీ రెండూ ఒకేసారి కనపడాలి. అక్కడే సగం తప్పులు పుడతాయి.

ప్రశ్న: విజయవాడలో ఫ్లాటు కొన్నాం. అగ్రిమెంటులో కార్పెట్ ఏరియా 1,010 చదరపు అడుగులు అని ఉంది. మావారు గదులు కొలిస్తే 940 వచ్చింది. స్కానర్‌తో కొలిపిస్తే బిల్డరు ఒప్పుకుంటాడా? ఎక్కడైనా చెల్లుతుందా? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మిషన్‌కి డబ్బు పెట్టే ముందు మీవారు దేన్ని కొలిచారో చూడండి. ఇళ్ల అమ్మకాలు, కొనుగోళ్ల మీద వచ్చిన 2016 రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో లోపలి అడ్డగోడలు పడిన జాగా కూడా కలుస్తుంది. బయటి గోడలు, పైపులు పోయే షాఫ్టులు, మీకు మాత్రమే ఉన్న బాల్కనీ కలవవు. గది గది కొలిచి కూడితే అడ్డగోడల జాగా తప్పిపోతుంది, చదరపు అడుగుల్లో అది పదుల్లోనే ఉంటుంది. మీ 70 అడుగుల్లో పెద్ద ముక్క అక్కడే దొరుకుతుందని నా అనుమానం.

అప్పటికీ తేడా ఉంటే స్కాన్ చేయించండి. సామాను దిగకముందే చేయించాలి, వార్డ్‌రోబులు బిగించాక గోడ ఎక్కడుందో మిషన్‌కీ కనపడదు. నిలువుటద్దం ఉంటే దుప్పటి కప్పండి, లేకపోతే అద్దంలో కనిపించే గది కూడా నిజం గదే అనుకుని గోడ అవతల ఇంకో బెడ్‌రూమ్ గీసేస్తుంది, అది బిల్డరుకి చాలా ఇష్టమైన ప్లాను అవుతుంది! బాల్కనీ గ్లాసు తలుపులోంచి కిరణం దూసుకుపోతుంది, దానికి పాత న్యూస్‌పేపర్లు అంటించండి. చెల్లుబాటు అంటారా, మిషన్ పేరు చెప్తే ఎవరూ ఒప్పుకోరు, కొలిచిన ఇంజినీరు తన పేరుతో, ఎలా కొలిచాడో రాసి సంతకం పెట్టిన రిపోర్టు కావాలి.

ప్రశ్న: మా పక్కింటివాళ్లు ప్రహరీ మా జాగాలోకి అర గజం జరిపి కట్టారు. ఈ మిషన్‌తో తేల్చవచ్చా? పట్టణాల్లో నక్ష సర్వే అంటున్నారు, వాళ్లు తెచ్చేది ఇదేనా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: తేల్చలేం. గోడ ఇప్పుడెక్కడుందో మిషన్ చెప్తుంది, ఎక్కడుండాలో మీ దస్తావేజు, టౌన్ సర్వే రికార్డు చెప్పాలి, ఆ రెండింటినీ కలపాలంటే నేల మీద గుర్తులు పట్టుకుని టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో కొలిచే సర్వేయరు కావాలి. చేతి స్కానర్ గీసిన ఇల్లు ఏ ఊళ్లో ఉందో కూడా దానంతట దానికి తెలియదు.

నక్ష వేరు. అది పట్టణాల్లో భూముల రికార్డులు తయారుచేయడానికి 2025 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర పథకం, మొదటి విడతలో 152 పట్టణాలు తీసుకున్నారు, అక్కడ పై నుంచి ఫొటోలు తీసి, తర్వాత కింద మనుషులు తిరిగి సరిచూస్తారు. పై నుంచి తీస్తే మీ సన్‌షేడు అంచు కనపడుతుంది, దాని కిందున్న గోడ కనపడదు. మన ఊళ్లలో సన్‌షేడు లేని గోడ ఏదండీ? అలాంటి ఇరుకు సందుల్లో గోడ అడుగు ఎక్కడుందో పట్టుకోవడానికి చేతి స్కానర్ బాగా పనికొస్తుంది, నేల గుర్తులకు దాన్ని ముడివేయగలిగితేనే సుమా.

ప్రశ్న: మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి ఇల్లు నాలుగు రోజులు నీళ్లలో ఉంది. ఆ తర్వాత హాల్లో గోడకి ఏటవాలుగా పగులు వచ్చింది. ఇల్లు ఒరుగుతోందేమోనని టెన్షన్‌గా ఉంది. స్కాన్ చేయిస్తే తెలుస్తుందా? (ఒక గృహిణి, విజయవాడ)

జవాబు: చేతి స్కానర్‌తో తెలియదమ్మా, దాని మీద డబ్బు పెట్టకండి. మీ పగులు ఒకటి రెండు మిల్లీమీటర్లుంటుంది, ఆ మిషన్ చుక్కలే అంతకన్నా ఎక్కువ అటూ ఇటూ చెదిరి ఉంటాయి. మీకు కావాల్సింది పగులు పెరుగుతోందా లేదా అన్నది. దానికి పాతకాలం పద్ధతే మేలు. పగులుకి అడ్డంగా ప్లాస్టరు గీకేసి, ఇటుక కనిపించాక, వేలెడు వెడల్పు పలుచటి గాజు ముక్క రెండు కొసలా సిమెంటు ముద్దతో అతికించండి. మేకుతో ఆ సిమెంటు మీద తేదీ గీయండి. పగులు కదిలితే గాజు పుటుక్కున విరుగుతుంది. రెండు చోట్ల పెట్టండి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడండి. మేస్త్రితో బయటి మూలల దగ్గర పిట్టగోడ నుంచి తూకం గుండు వేలాడదీయించి, పైన ఎంత, కింద ఎంత అని కొలిచి క్యాలెండర్ మీద రాసుకోండి. గాజు నెలలోపే విరిగితే మాత్రం ఆలస్యం చేయకుండా స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి, ఆయన అవసరమనుకుంటే స్టాండు మీద పెట్టే స్కానర్‌తో రెండుసార్లు తీయించి పోలుస్తారు.

ప్రశ్న: ఐఫోన్‌లో లేజరుతో దూరం కొలిచే లైడార్ ఉంది కదా, దాంతో ఇంటి ప్లాను తీసుకోవచ్చా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: ఒక గది వరకు తీసుకోండి, సోఫా పడుతుందా, కర్టెన్లకి ఎంత గుడ్డ కావాలి, ఇలాంటివాటికి బ్రహ్మాండం. 2020లో ఐఫోన్ 12 ప్రోతో మొదలైంది, 5 మీటర్లు దాటితే దానికి చూపు ఆనదు. ఇల్లంతా తిరిగి ప్లాను గీయించి దాన్ని చూసి పునాది తవ్వకండి.

ప్రశ్న: వచ్చే వారం మా ఇంటికి ఈ మిషన్ తెస్తున్నారు. లేజరు అంటున్నారు, కళ్లకి దెబ్బేమో? కోడలు కడుపుతో ఉంది, మామగారికి ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది. (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: భయం లేదమ్మా. ఇళ్లలో తిప్పే ఇలాంటి మిషన్లు క్లాస్ 1 లేజరుతో వస్తాయి, అంటే మామూలుగా వాడితే కంటికి హాని చేయని రకం. ఎక్స్‌రే లాంటిది కాదు, కడుపులోకి పోయేది ఏమీ ఉండదు. మిషన్ మీద క్లాస్ 1 అని స్టిక్కరు ఉంటుంది, వచ్చినవాణ్ణి చూపించమనండి.

ఇద్దరినీ ఆ అరగంట పక్కింట్లో కూర్చోబెడితే మాత్రం మంచిది, కళ్ల కోసం కాదు, ప్లాను కోసం. అటూ ఇటూ తిరిగితే చుక్కల్లో చారలు చారలుగా పడతారు. పోనీ కదలకుండా కూర్చుంటారా, అదీ తంటానే. కొత్తపేటలో ఒక పెద్దాయన హాలు మధ్యలో కుర్చీలోంచి లేవనన్నాడు, పేపరు చదువుకుంటున్నాడు, సరేనని చుట్టూ తిరిగి వచ్చేశాను. మా డ్రాఫ్ట్స్‌మన్ అలవాటు ప్రకారం నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో చుక్కలను అడ్డంగా కోసి గీస్తాడు, ఆ ఎత్తుకి సరిగ్గా ఆయన తల వచ్చింది. ప్లాన్‌లో హాలు నడిమధ్యన తొమ్మిదంగుళాల గుండ్రటి స్తంభం ఒకటి గీసి పంపించేశాడు.